యంత్రమునకు కందెన: మార్చవలసిన వేళ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాస పాఠము)



రజతోత్సవ సభ యనగా కావ్యప్రసంగము జరుగునని తలచి వచ్చినవారికి ఇంజను నూనెను గూర్చిన మాటలు కొంత ఆశాభంగము కలిగింపవచ్చును. అయినను సాయంకాలము ఈ గ్రంథాలయపు అరుగుమీద పత్రికలు ముగించిన పిమ్మట జరుగు వాదములలో కావ్యములను గూర్చినవి తక్కువ, ట్రాక్టర్లను గూర్చినవి ఎక్కువ. ఆయిలు ఎన్ని గంటలకు మార్చవలెనను ప్రశ్నకు ఆ అరుగుమీద ఎన్నో సమాధానములు వినవచ్చును. నల్లబడినప్పుడు మార్చవలెనని ఒకరు. నూరు గంటలు దాటరాదని మరొకరు. తగ్గినంత పోసికొనుచుండిన చాలును, మార్చుట దండుగ యని ఇంకొకరు. ముగ్గురును అనుభవము చెప్పువారే. ముగ్గురి మాటయు పూర్తిగా సరికాదు.

సంస్కృతమున స్నేహ శబ్దమునకు ప్రేమ యనియు నూనె యనియు రెండర్థములు కలవు. రెండు వస్తువులు ఒరసికొనక కలిసి మెలగుటకు నడుమ నుండునది స్నేహము. ఇంజనులోని నూనె చేయు పని సరిగా ఇదియే. తిరుగు క్రాంకునకును, దానిని పట్టియుండు బేరింగునకును నడుమ వెంట్రుకకంటె పలుచనైన నూనెపొర నిలిచి, ఇనుము ఇనుమును తాకకుండ చేయును. ఆ పొర తెగిన క్షణమున కొన్ని వేల రూపాయల యంత్రభాగము కొలిమిలోని ఇనుమువలె వేడెక్కును.

తెలుగువారికి ఈ విద్య కొత్త కాదు. ఎడ్లబండి ఇరుసునకు కందెన పెట్టని రైతు పూర్వము లేడు. ఆముదములో కాల్చిన వరిగడ్డి మసి కలిపి, వెదురుగొట్టములో నింపి, బండిక్రింద వ్రేలాడగట్టెడివారు. ఇరుసు కీచుమనగానే చక్రము తప్పించి కందెన పూయుదురు. మసి ఎందుకు కలిపిరి? ఆముదము జారి పోకుండ చిక్కబడుటకు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనదగినది. ఇంజనులో సైతము డీజిలు మండగా పుట్టిన మసి నూనెలో చేరి దానిని చిక్కబరచును. బండి ఇరుసునకు మేలైన ఆ చిక్కదనమే, సన్నని రంధ్రములగుండ పరుగెత్తవలసిన ఇంజను నూనెకు మృత్యువు. ఆముదము కూడ యంత్రములకు ఎరుగని వస్తువు కాదు. 1914 నుండి 1918 వరకు జరిగిన మొదటి ప్రపంచ యుద్ధమున ఎగిరిన అనేక విమానముల రోటరీ ఇంజనులు ఆముదముతోనే నడచినవి. పెట్రోలులో అది సులభముగ కరుగదు గనుక. కాస్ట్రాల్ అను పేరు సైతము ఆముదమునకు ఇంగ్లీషువారి పేరైన కాస్టరునుండి వచ్చినదే.

ఇక నూనె ఏల పాడగును? నూనె అరిగిపోదు, కాని దానిలో కలిసిన మందులు అరిగిపోవును. భూమినుండి తీసి శుద్ధిచేసిన నూనెలో మసిని విడదీసి తేలియాడించు మందు, ఆమ్లమును విరుచు క్షారపు మందు, ఒరపిడిని ఆపు మందు, నురుగు రానీయని మందు అను పెక్కు వస్తువులను కలిపి డబ్బాలకు ఎక్కింతురు. ఇంజను నడచుకొలది మసి చేరును, డీజిలులోని గంధకము మండి ఆమ్లమగును, వేడికి నూనె గాలితో కలిసి జిగురుగ మారును, చల్లబడినప్పుడు లోపలి తేమ నీరై దిగును. మందులు ఒక్కొక్కటిగ ఖర్చగును. జమకంటె ఖర్చు మించిన చిట్టావలె, ఒకనాడు నిలువ సున్నయగును. పైకి చూడ నూనె ఉన్నట్లే ఉండును.

నల్లబడినప్పుడు మార్చవలెనను వాదము ఇక్కడనే వీగిపోవును. డీజిలు ఇంజనులో కొత్త నూనె పోసిన కొలది గంటలలోనే నల్లబడును. మసిని గోడలమీద పేరనీయక తనలో కలుపుకొని తిరుగుచున్నదని దాని అర్థము. అనగా నూనె తన పని తాను చేయుచున్నది. చాకలి రేవులో నీరు మురికియైనదని చాకలిని నిందించువారుందురా?

గంధకము మాట వచ్చినది గనుక ఒక విశేషము. పాత ట్రాక్టరు పుస్తకములలో నూనె మార్చు గడువు తక్కువగ నుండుటకు ఆనాటి డీజిలు కొంత కారణము. దేశమంతటను అమ్ము డీజిలులో గంధకము 2010లో పదిలక్షల పాళ్ళకు 350 పాళ్ళకు తగ్గినది, 2017లో 50కి, 2020 ఏప్రిలు 1వ తేదీనుండి 10కి. ఆమ్లము తగ్గినందున నూనెలోని క్షారము మెల్లగ ఖర్చగును. నూనెల తయారీయు మెరుగైనది. అందుచేత తాతగారు నూరు గంటలకు మార్చినారని మనుమడును నూరు గంటలకే మార్చుట పితృభక్తియే గాని యంత్రజ్ఞానము కాదు.

అయినను దీనిని విని గడువులు ఇష్టము వచ్చినట్లు పెంచువారికి డెల్టా గ్రామమొకదానిలో జరిగిన సంగతి చెప్పవలసియున్నది. పేరు అనవసరము. ఒక రైతు బ్యాంకు అప్పుతో ట్రాక్టరు కొనెను. నాలుగు ఎకరముల సొంత పొలము, తక్కిన కాలమున కిరాయి దమ్ములు. మొదటి సంవత్సరము కంపెనీవారి ఉచిత సర్వీసులు జరిగినవి గనుక చిక్కు లేకపోయెను. రెండవ సంవత్సరమునుండి గేజి కడ్డీ తీసి చూచుట, గీత క్రిందికి దిగినచో అర లీటరో లీటరో పోయుట, ఇదియే మార్గమాయెను. తగ్గినంత కొత్త నూనె పోయుచున్నప్పుడు పాతది ఎక్కడ మిగులునని అతని తర్కము. వినుటకు బాగుగనే ఉన్నది. కాని చెరువులో పూడిక అట్లే ఉంచి ప్రతి సంవత్సరము కొత్త నీరు నింపినచో చెరువు శుభ్రమగునా? మసి, ఇసుక, జిగురు అడుగున నిలిచినవి. ఫిల్టరు నిండిపోయెను.

ఫిల్టరు నిండినచో నూనె ఆగిపోవునని కొందరు తలతురు. అట్లు కాదు. నూనె లేని ఇంజనుకంటె మురికి నూనెగల ఇంజను మేలని యెంచి, ఫిల్టరులో ఒక చిన్న స్ప్రింగు తలుపు అమర్చుదురు. కాగితపు మడతలు మూసికొనిపోగానే ఒత్తిడికి ఆ తలుపు తెరచుకొని, వడగట్టని నూనె నేరుగ బేరింగులకు పోవును. నడుపువానికి ఏమియు తెలియదు. శబ్దము మారదు, బలము తగ్గదు. అన్నాళ్ళు గడచినందున తన తర్కమే సరియని ఆ రైతు తృప్తిపడుచుండెను.

కాల్వకు నీరు వదలిన పిదప, దమ్ములు ముమ్మరమైన రోజులలో ఒక మధ్యాహ్నము నూనె ఒత్తిడి దీపము వెలిగెను. ఎండలో ఆ దీపము కనబడలేదని కొందరు, కనబడినను మడి ముగించి చూతమనుకొనెనని కొందరు అందురు. ఆ మడి ముగియలేదు. ఇంజను టకటకలాడి పట్టివేసినది. ఇనుప చక్రములతో బురదలో నిలిచిన బండిని మరొక ట్రాక్టరుతో ఈడ్చి గట్టెక్కించిరి. క్రాంకు గీరుకొనిపోయెను, బేరింగులు కరగి అంటుకొనెను, ఇంజను బోరుకు వచ్చెను. పట్టణములో పని ముగియుటకు పదునెనిమిది దినములు పట్టెను. ఆ పదునెనిమిది దినములలో దమ్ముల కాలము ముగిసెను. అతనిని నమ్మి నారు పోసికొనిన ఆరుగురు రైతులలో ఇద్దరి నారు ముదిరిపోయెను. బ్యాంకు కిస్తు తప్పెను. మరుసటి సంక్రాంతికి ముందే ఆ ట్రాక్టరు చేతులు మారెను. నేడు ఆ రైతు అదే ట్రాక్టరును ఇతరుని క్రింద జీతమునకు నడుపుచున్నాడు. నూనె మాత్రము గడువు తప్పనీయడని వినికిడి.

ఆ బండి సీటుక్రింద ప్లాస్టిక్ సంచిలో కంపెనీవారి పుస్తకము విప్పకుండ ఉండెనట. గ్రంథాలయ సభలో ఈ సంగతి చెప్పకుండుట ఎట్లు? భాగవతమును పట్టుబట్టలో చుట్టి దేవుని గూటిలో పెట్టి పూజించునట్లు, మనవారు యంత్రపు పుస్తకమును సీటుక్రింద పెట్టి పూజింతురు. చదువుట మాత్రము చేయరు.

ఆ పుస్తకములలో ఏమున్నది? చాల ట్రాక్టర్లకు మొదటి మార్పు సుమారు 50 గంటలకు. కొత్త భాగములు ఒకదానితో నొకటి అమరునప్పుడు రాలిన ఇనుప రజను మొదటి నూనెలో చేరును గనుక. తరువాత ప్రతి 250 గంటలకు అనునది ఎక్కువగ కనబడు లెక్క. కొన్ని కొత్త ట్రాక్టర్లకు ఇంతకంటె హెచ్చు గడువు కలదు. గంటలు నిండకున్నను సంవత్సరమునకు ఒకసారి మార్చవలెను. షెడ్డులో నిలిచిన బండిలోనను తేమయు ఆమ్లమును తమ పని మానవు. ఏ బండికి ఏ గడువో ఆ బండి పుస్తకమే ప్రమాణము. ప్రక్కవాని బండి ప్రమాణము కాదు.

గంటల మీటరును గూర్చి ఒక మెలిక కలదు. పాత రకపు తీగ మీటర్లు గడియారపు గంటలను కొలువవు. ఇంజను తిరుగుళ్ళను కొలుచును. నియమిత వేగమున తిరిగినప్పుడే మీటరు గంట, గడియారపు గంట సమానమగును. మెల్లగ తిరిగినచో మీటరు వెనుకబడును. కరెంటుతో నడచు మీటర్లు వేరు. ఇక మీటరే చెడి నిలిచిపోయిన బండ్లు గ్రామమునకు నాలుగైనను ఉండును. అట్టివారికి ఒకటే ఉపాయము: డీజిలు లెక్క. గంటకు సుమారు ఎంత డీజిలు త్రాగునో తెలిసిన బండికి, పోసిన డీజిలును చిట్టాలో వ్రాసికొనినచో గంటలు వాటంతట అవే తేలును. గంటకు 4 లీటర్లు త్రాగు బండి 1000 లీటర్లు త్రాగెననగా 250 గంటలు నిండినవన్నమాట. పెద్ద పనిలో ఎక్కువ డీజిలు మండును, నూనెయు ఎక్కువ నలుగును గనుక, ఈ డీజిలు లెక్క ఒక విధముగ మీటరుకంటె న్యాయమైనది.

ఇప్పుడు రూపాయల లెక్క. ధరలు ఊరికొక తీరు, ఏటికొక తీరు గనుక ఇవి ఉదాహరణకు మాత్రమే. నూనె 8 లీటర్లు, లీటరు 350 చొప్పున 2800. ఫిల్టరు 400. మొత్తము 3200. దీనిని 250 గంటలకు పంచగా గంటకు 12 రూపాయల 80 పైసలు. అదే గంటలో 4 లీటర్ల డీజిలు, లీటరు 97 చొప్పున 388 రూపాయలు మండినది. అనగా నూనె ఖర్చు డీజిలు ఖర్చులో ముప్పదవ వంతు. ఇప్పుడు 250కి బదులు 350 గంటలకు లాగినవాడు గంటకు 3 రూపాయల 66 పైసలు మిగుల్చును. సంవత్సరమునకు 600 గంటలు నడిపినచో సుమారు 2200 రూపాయలు. ఇంజను బోరుకు వచ్చినప్పటి ఖర్చు 80,000 అనుకొనినచో, ఆ మిగులుతో దానిని తీర్చుటకు 36 సంవత్సరములు పట్టును. ట్రాక్టరు అంతకాలము బ్రతుకదు.

రెండవ అతిని కూడ ఆవర్జాకు ఎక్కింపవలెను. భయముచేత 125 గంటలకే మార్చువాడు అదే 600 గంటలకు 7680 రూపాయలు అధికముగ ఖర్చుచేయును. పందొమ్మిది లీటర్ల మంచి నూనెను ఏటేట పారబోయును. ఇది భక్తి కాదు, దుబారా. దుకాణదారునికి మాత్రము పుణ్యము.

ఐతే గడువును తగ్గింపవలసిన సమయములు నిజముగనే కలవు. నూర్పిడి దుమ్ములో రోజంతయు నిలిచి నడచిన ఇంజను, ఎర్రమట్టి చేలలో రోటవేటరు లాగిన ఇంజను, ఇసుక ట్రక్కు లాగిన ఇంజను, పుస్తకపు గడువులో మూడవ వంతు తగ్గించి మార్చుకొనుట తెలివి. అంతకంటె ముఖ్యము గాలి వడపోత. నూనె ఎంత మంచిదైనను, ముక్కుగుండ దుమ్ము పోవుచున్నచో ఆ నూనె ఇసుక కలిపిన సాన నూనె యగును. నూనె గిన్నెగల పాత గాలి వడపోతలలో, దుమ్ము పనులలో ప్రతిదినము గిన్నె విప్పి చూచి, అడుగున మట్టి పేరినచో నూనె మార్చవలెను. ఇంజను నూనెకు వేలు పెట్టువారు ఈ గిన్నెకు పావు లీటరు పోయుటకు వెనుదీయుట చిత్రము.

ఫిల్టరును గూర్చి. ఇప్పటి రీతి నూనె ఫిల్టరు వంద సంవత్సరముల నాటిది. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్లాండ్ అను నతడు ప్యూరోలేటర్ అను పేర దానిని తెచ్చెను. అంతకుముందు కార్లలో నూనెను కొన్ని వందల మైళ్ళకే మార్చవలసివచ్చెడిది. నూనె మార్పు రెండింటికి ఒకసారి ఫిల్టరు మార్చిన చాలునని కొందరందురు. కొన్ని పాత కార్ల విషయమున ఆ మాట చెల్లినదే. ట్రాక్టరు విషయమున చెల్లదు. పాత ఫిల్టరు కడుపులో అర లీటరుకు తక్కువ కాని మురికి నూనె నిలిచియుండును. కడిగిన కుండలో పులిసిన మజ్జిగ కొంచెము ఉంచి పాలు పోసినట్లే. కిరోసినుతో కడిగి మరల బిగించుట మరింత అపాయము. కాగితపు ఫిల్టరు కడుగుటకు పుట్టినది కాదు.

మోటారు సైకిళ్ళవారు తమ మాట రాలేదని చూచుచున్నారు. వారి బండ్లలో నూనె సుమారు ఒక లీటరే. ఆ లీటరే ఇంజనునకును, గేరులకును, క్లచ్చునకును దిక్కు. గేరు పళ్ళు నూనెను నలుపును గనుక కారు నూనెకంటె త్వరగ అలసిపోవును. కార్లకు ఇప్పుడు 10,000 కిలోమీటర్లో, సంవత్సరమో అని వ్రాయుచుండగా, మోటారు సైకిళ్ళకు 3000 నుండి 6000 కిలోమీటర్ల నడుమ వ్రాయుట అందుకే. నూరు సి.సి. బండ్లలో పెక్కింటికి కాగితపు ఫిల్టరే ఉండదు. చిన్న జల్లెడయు, తిరుగుచు మురికిని విసరికొట్టు గిన్నెయు మాత్రమే. వానిని ఇంజను విప్పినప్పుడైనను శుభ్రపరుపవలెను. ఇంట మిగిలిన కారు నూనెను మోటారు సైకిలులో పోయరాదు. కొన్ని కారు నూనెలలో జారుడు పెంచు మందు కలుపుదురు. నూనెలో మునిగియుండు మోటారు సైకిలు క్లచ్చు దానికి జారిపోవును. డబ్బామీద జాసో ఎం.ఏ. అను గుర్తు చూచి కొనవలెను. వేకువనే లేచి రెండు కిలోమీటర్లు పోయి పాలు పోసి వచ్చు బండ్లు కలవు. అవి పూర్తిగ వేడెక్కకముందే నిలిచిపోవును. నీరు, పెట్రోలు నూనెలోనే మిగులును. తక్కువ తిరిగిన బండి గదా యని ఊరడిల్లరాదు. కిలోమీటర్లు చూడక నెలలు చూడవలెను.

గడువుతో పనిలేక వెంటనే మార్చవలసిన సందర్భములను గేజి కడ్డీ చెప్పును. నూనె పాలమీగడవలె తెల్లబడినచో నీరు చేరినది. రేడియేటరు నీరు ఎక్కడనో లోపలికి కారుచున్నదని శంకింపవలెను. పోయకయే మట్టము పెరిగి, డీజిలు వాసన కొట్టినచో డీజిలు కలియుచున్నది. వ్రేళ్ళ నడుమ రుద్దగా గరుకుగ తగిలినచో దుమ్ము. ఈ మూడింటిలోను నూనె మార్చుట సగము పనియే. కారణము వెదకక మార్చిన నూనె వారమునకు మరల అట్లే యగును.

మార్చు విధానము పెక్కుమందికి తెలిసినదే. ఇంజను వేడిగ నున్నప్పుడు, బండి సమతలమున నిలిపి దింపవలెను. పాత ఫిల్టరు రబ్బరు వలయము ఇంజనుకే అంటుకొని మిగులుట కలదు. చూడక దానిమీదనే కొత్తది బిగించినచో నూనె ధారగ కారును. పై గీత దాటించి పోయరాదు. క్రాంకు ఆ నూనెను చిలికి నురుగు చేయును, నురుగు బేరింగులను కాపాడదు.

చివరకు, దింపిన నూనె. ఇది గ్రామమంతటికి సంబంధించినది. కాల్చిన నూనె యని దానికి చిన్నచూపు. చెదలకని దూలములకు పూయుదురు, గజ్జి పట్టిన కుక్కలకు, గొడ్లకు పూయుదురు, మిగిలినది కాల్వగట్టున పారబోయుదురు. ఇంజనులో మండి వచ్చిన నూనెలో క్యాన్సరు కలిగించు పదార్థములును, అరిగిన లోహములును చేరును. మనుష్యుని చర్మమునకు పనికిరానిది పశువు చర్మమునకు మందెట్లగును? నాకి లోనికి మ్రింగునవి గదా గొడ్లు. 2016 నాటి కేంద్ర నియమములు వాడిన నూనెను ప్రమాదకర వ్యర్థములలో చేర్చినవి. అనుమతి పొందినవారు దానిని మరల శుద్ధిచేసి వాడుకలోనికి తెత్తురు. ఈ ఊరి ట్రాక్టర్లే ఏటేట దింపు నూనె కొన్ని పీపాలకు తక్కువ ఉండదు. ఆ కాల్వ నీరే క్రింది ఊళ్ళవారు త్రాగుచున్నారు.

పంచాయతీ షెడ్డు ప్రక్కన మూతగల పీపా ఒకటి ఉంచుటకు ట్రాక్టరు యజమానులు కొందరు ఒప్పుకొనిరి. నీరు, డీజిలు కలుపని నూనె మాత్రమే అందులో పోయవలెను. పీపా ప్రక్కన ఒక చిట్టా కట్టియుండును. బండి నంబరు, తేదీ, మీటరు గంటలు, దింపిన లీటర్లు వ్రాయుటకు నాలుగు గడులు గీయబడినవి. ట్రాక్టరు పుస్తకములు ఇంతవరకు మూడు ఈ గ్రంథాలయమునకు చేరినవి. అవి పత్రికల బల్లకు ఎడమవైపు బీరువాలో, వ్యవసాయ గ్రంథముల క్రింది అరలో ఉన్నవి. ఇంటికి ఇవ్వబడవు, ఇక్కడ కూర్చుండి చదువుకొనవచ్చును.